గులకరాయి ముడి

దాసప్ప మాటల్లో పదికి తొమ్మిది గాలివేనని నాగలమడిక చుట్టుపక్కల పదూళ్ళకూ తెలుసు. ఆయన మేపిన పొట్టేలు చిరుతను కుమ్మి ఏరు దాటించింది. ఆయన చేన్లో ఒక్క శెనక్కాయ చెట్టు పెరకడానికి రెండు జతల ఎద్దులు కట్టాల్సి వచ్చింది. ఊరు ఇవన్నీ నవ్వుకుంటూ వినేది. రైలు కథనూ ఆ గంపలోనే పడేసింది.

రైలు కథ మాత్రం నిజం. బర్మా యుద్ధం నాడు, గొర్రెలన్నీ కరువుకు పోతే, ఇరవై ఏళ్ళ దాసప్ప గుంతకల్లుకు నడిచిపోయి రైల్లో కూలికి చేరాడు. మామూలు జనం ఎక్కే పెట్టెల్లో బల్లలు పెరికేసి, ఇనుప కమ్ములు నిలబెట్టి, గాయపడిన సిపాయిలకు ఒకదాని మీద ఒకటిగా పడకలు కట్టారు. కప్పు మీద ఎర్ర గుర్తు వేశారు. అది నడిచే ఆసుపత్రి. సిపాయిలను మోయడం, నెత్తురు కడగడం దాసప్ప పని. ఒకసారి పడక పట్టీలు తెగిపోతే, కంబళి మూలలో గులకరాయి పెట్టి మూటలా మడిచి, ఆ మూట మెడకు తాడు బిగించి వేలాడదీశాడు. గొర్రెల కాపరులు వానకు కంబళి గుడిసె వేసుకునేటప్పుడు కట్టే ముడి అది. బరువు పెరిగేకొద్దీ బిగుస్తుందే గాని జారదు. డాక్టరు దొర ముట్టి చూసి తలాడించాడు.

నిజం అంతే. అంతటితో ఆపితే ఆయన దాసప్ప ఎట్లా అవుతాడు? ఏటికేడు రైలు పెరిగి మైలు పొడవైంది. దొర ఆయన కాళ్ళకు మొక్కాడు. రైలు పరుగెత్తుతుండగానే తెగిన తలకాయను తిరిగి అతికించారు.

ఎనభై అయిదు కరువులో బోర్లు ఎండి, ఊరంతా ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని తాగింది. ఆ నీళ్ళకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. మొదట పడింది రంగక్క. పొద్దున పావగడ బస్సు రాగానే కొడుకు దొడ్డన్న ఆమెను ఆసుపత్రికని ఎత్తుకొచ్చాడు.

కండక్టరు ఆంజినప్ప వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "కూసోలేని మనిషిని యాడ పండబెట్టేదప్పా? మూడు సీట్లు కావాల. పైగా వాంతులు. జనం నన్ను తిడ్తారు."

"సీటొద్దురా," అన్నాడు దాసప్ప. "పై కమ్మీలకు కంబళి ఏలాడగడదాం. మా రైల్లో..."

రైలు అన్నాడో లేదో బస్సంతా నవ్వింది. తల్లిని చేతుల మీద పెట్టుకున్న దొడ్డన్న కూడా దిగులు మధ్యలోనే పెదవి విరిచాడు. "మామా, ఆ తలకాయ అతికిచ్చే డాక్టరును గూడా పిలిపిస్తావా?"

ముఖాలన్నీ దాసప్ప వైపు తిరిగాయి. నలభై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? "తలకాయ ఒగటేనా! ఒగనికి ఎనకా ముందు చూడకుండా తిరగేసి అతికిచ్చినారు. వాడు సచ్చేదాకా ఎనక్కే నడిసినాడు!"

అందరూ పగలబడి నవ్వారు. దాసప్పా నవ్వాడు. బస్సు రంగక్కను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. మిట్టమధ్యాహ్నం పావగడ దారిలో, ఎద్దులబండి మీదే ఆమె ప్రాణం పోయింది.

మరునాడు తెల్లవారేసరికి దాసప్ప కూతురు హొన్నూరమ్మ పడింది. కళ్ళు లోతుకు పోయాయి, గొంతులో మాట లేదు. దాసప్ప ఏట్లోకి దిగి నున్నటి రాళ్ళు నాలుగు ఏరుకున్నాడు. కంబళి, బండితాళ్ళు, గంపెడు బూడిద పట్టుకుని, కూతురిని మంచంమీద మోయించుకొచ్చి, రోడ్డు నడిమధ్యన నిలబడ్డాడు. బస్సు ఆయన కడుపుకు మూర దూరంలో ఆగింది.

ఆంజినప్ప తల బయటపెట్టాడు. "ఏం తాతా, ఈపొద్దు నీ రైలు రాలేదా?"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

"నగినోని నాలిక పెరుకుతా!" దాసప్ప గొంతుకు రోడ్డు పక్క మేకలు చెదిరాయి. "నిన్న మీరు నగినారు, రంగక్క పాయ. మీరు నగితే నగినారు, నాకేం పొయ్యేకాలం? నేనెందుకు నగితి? నా నోటికి మన్ను కొట్టా!" చెప్పు తీసి తన చెంప మీద తనే కొట్టుకున్నాడు.

ఆంజినప్పను తోసుకుని లోపలికెక్కాడు. "యుద్ధమొస్తే రైలుపెట్టెలు పెరికి ఆసుపత్రి కట్టిరి. కరువొస్తే మీ బస్సులో ఒగ కమ్మీ ఇచ్చేదానికి ఏడుస్తారా? మీ సీటు ఒగటి గూడా అడగలే. కింద బూడిద గంప పెడ్తా. ఒగ చుక్క బస్సుమీద పడితే నన్ను దించి తన్ను."

మూలకొక రాయి పెట్టి ముడి బిగించాడు. ఒక్క ముడీ తప్పలేదు. వెనక నుంచి ఎవరో తాడు అందుకున్నారు. దొడ్డన్న. తల్లికి చేసిన కర్మ వల్ల గుండు నున్నగా ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ముందు దాసప్పే కంబళిలో పడుకుని రెండుసార్లు ఎగిరి చూశాడు. కమ్మీ కిర్రుమంది గాని ముడి జారలేదు. అప్పుడు కూతురిని పండబెట్టాడు.

ఇరుపక్కలా జనం తమ సీట్లలోనే కూర్చున్నారు. నడవలో కంబళి ఊయలలా ఊగింది. గుంతలు బస్సును ఎత్తి కుదేసినా హొన్నూరమ్మ ఒళ్ళు అదరలేదు. దాసప్ప ఉప్పు, బెల్లం కలిపిన గంజినీళ్ళు చెంచాతో పోస్తూ పావగడ దాకా నిలబడే పోయాడు. అక్కడ సెలైను ఎక్కించారు. మూడోనాడు ఆమె లేచి కూర్చుని అంబలి అడిగింది.

ఆ తర్వాత ఆంజినప్ప తన సీటు కింద రెండు కంబళ్ళు, ఎనిమిది రాళ్ళు పెట్టుకున్నాడు. ఆ నెలలో అయిదుగురు అట్లాగే ఊగుతూ పావగడ చేరారు. ఒకరోజు బస్సాపి ఆయనే అడిగాడు: "తాతా, ఆ రైలు కత చెప్పు. ఈసారి నమ్ముతాం."

దాసప్ప చెట్టుకింద కూర్చున్న దొడ్డన్న గుండు వైపు చూశాడు. వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి.

"పెట్టెల్లో బల్లలు పెరికినారు. పడకలు కట్టినారు. నేను మోసినా."

జనం ఇంకా చూస్తూనే ఉన్నారు.

"అంతేనా? మరి తలకాయ అతికిచ్చింది?" అన్నాడు ఆంజినప్ప.

"ఎవురి తలకాయా అతకలేదు," అని కసిరాడు దాసప్ప. "సచ్చినోళ్ళు సచ్చినారు. బస్సు పోనీ, పో!"