పిల్లి తెచ్చిన కుక్కపేలు

మా అత్తయ్య పున్నమ్మగారికి దేవుడి గది తర్వాత అంతటి గది మామిడిపళ్ళ గదే. చిన్న రసాలు కోయించి, వరిగడ్డి పరిచి, వరస మీద వరస పేర్చి మాగబెట్టేవాళ్ళం. స్నానం చేయకుండా అందులో అడుగు పెట్టకూడదు. పిల్లి అసలు తొంగి చూడకూడదు. “పిల్లి తొక్కిన కాయకి తీపి పట్టదు” అనేది ఆవిడ. అది ఏ శాస్త్రంలో ఉందో అడిగే ధైర్యం ఆగిరిపల్లిలో ఎవరికీ లేదు. కోడలిగా వచ్చిన ఈ ప్రమీలారాణికి అసలే లేదు.

ఎనభై నాలుగు వేసవిలో, మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, ఆ గది తాళం మొదటిసారి నా చేతికిచ్చింది. అంతకుముందు ఏడాది ఎలుకలు సగం రసాలు కొరికేస్తే, తన ఆడపడుచుకి పళ్ళు పంపలేక తల కొట్టేసినట్టయిందని ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. నా ఏలుబడిలో ఒక్క కాయ పోకూడదనుకున్నాను. గోడ మీద తిరిగే చారల పిల్లిని కిటికీలోంచి రానిచ్చాను. కొబ్బరిచిప్పలో పాలు కూడా పోశాను. ఎలుకలు పోయాయి. పిల్లి ఆ గడ్డిలోనే మూడు పిల్లల్ని పెట్టింది. ఆ ఏడాది మా పళ్ళంత తియ్యటి పళ్ళు లేవని అందరూ అన్నారు, అత్తయ్య నన్ను పదిమందిలో మెచ్చుకుంది. అన్నీ పిల్లి తొక్కిన కాయలే. లోలోపల నాకెంత గర్వమో!

కాపు అయిపోగానే గడ్డి తీసి పారేయాలి. చూస్తే దానినిండా పిల్లి బొచ్చు. అత్తయ్య కంట పడితే? రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూ, పిల్లలు తల్లి వెంట గోడ దూకి పోయాక గదికి తాళం వేసి ఊరుకున్నాను.

శ్రావణంలో వ్రతానికి అటక మీది ఇత్తడి గంగాళం కావాల్సి వచ్చి ఆ గది తెరిచాం. ముందు అడుగు పెట్టింది అత్తయ్యే. రెండు నిమిషాల్లో “అమ్మో, అమ్మో” అంటూ బయటికొచ్చింది. పాదాల నుంచి పిక్కల దాకా గసగసాలు చల్లినట్టు నల్లటి పురుగులు. పట్టుకోబోతే గెంతిపోతాయి, నలిపినా చావవు. మా కాళ్ళనీ బట్టల్నీ పట్టుకుని రెండు రోజుల్లో ఇల్లంతా చేరాయి. అత్తయ్యకి షుగరు. గోకిన చోటల్లా పుండు పడింది. నల్లులు కావు, మంచాల్లో లేవు. దోమలు కావు, రెక్కల్లేవు. “కుక్కపేలు!” అని తేల్చింది ఆవిడ. ఆ పేరే బుల్లోడి కొంప ముంచింది.

బుల్లోడు మా తోట కాపలా రాయప్ప కుక్క. రాయప్ప పొద్దున్నే కాఫీకి వస్తే వెనకే వచ్చి వరండా మెట్టు కింద పడుకునేది. భార్య ఇన్నమ్మ పోయాక ఆ తోటలో అతనికున్న తోడు అదొక్కటే. అన్నం ముద్ద దానికి పెట్టాకే తను తినేవాడు.

“దాన్ని ఎక్కడైనా వదిలేసి వద్దాం, ట్రాక్టరు ఎక్కించరా” అన్నారు మా ఆయన బసవపున్నారావుగారు.

“దాని ఒంటి మీద ఒక్కసారి చెయ్యేసి చూడండి బాబూ. ఒక్క పేను కనబడితే నేనే తీసుకుపోతాను.”

“చూసేదేంట్రా? నా కాళ్ళు కనబడట్లేదా?” అంది అత్తయ్య.

రాయప్ప నావైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. “గదిలో పిల్లి ఉండేది” అంటే సరిపోయేది. మూడు ముక్కలు. అవి కూడా అనలేదు. పదిమందిలో మెచ్చుకున్న నోటితోనే ఆవిడ తిడుతుందని భయం, అంతే. ఆ భయం కూడా పెద్దదేం కాదు, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

హనుమాన్ జంక్షన్‌లో ఏలూరు వైపు పోయే ఖాళీ లారీ ఎక్కించారు. కుక్క కిందికి దూకబోతే రాయప్ప చెయ్యెత్తి “ఉండు” అన్నాడట. ఆ మాట విని అది కూర్చుండిపోయిందట. మా ఆయన ఇది నవ్వుతూ చెప్పారు. 

కుక్క పోయింది, పేలు పోలేదు. మరింత పెరిగాయి. వారానికి, గేదెకి బాగోలేదని పశువుల ఆసుపత్రి కాంపౌండరు గంగాధరంగారు వచ్చారు. అత్తయ్య లేని సమయం చూసి అడిగాను.

“ఇవి మన తలలో పేల లాంటివి కావమ్మా” అన్నారాయన. “వీటి గుడ్లు ఒంటిని అంటుకోవు, రాలిపోతాయి. గడ్డిలోనో నేల బీటల్లోనో పురుగై, గూడు కట్టుకుని నెలల తరబడి కదలకుండా ఉంటాయి. అడుగు చప్పుడు, ఒంటి వేడి తగిలాయా, ఒక్కసారే లేస్తాయి. ఎక్కడ పుట్టాయో తెలియాలంటే కాళ్ళకి తెల్లగుడ్డ చుట్టుకుని గదికోసారి నడవండి.”

మా ఆయన పాత పంచె చింపి కాళ్ళకి చుట్టుకున్నాను. బుల్లోడు రోజూ పడుకున్న మెట్టు కింద చాలాసేపు నిలబడ్డాను. ఒక్కటీ లేదు. పళ్ళ గదిలో గడ్డి మీద నాలుగడుగులు వేశాను. గుడ్డ నల్లబడింది. అక్కడే ఆ గడ్డి మీద చతికిలబడి ఏడ్చాను, కుడుతున్నా లేవలేదు.

గడ్డంతా పెరట్లో తగలబెట్టాను. మరిగే నీళ్ళు పోసి నేల కడిగి, బీటలు పూడ్చాను. పరుపులు రోజూ ఎండలో వేశాను. ఊడ్చిన దుమ్ము కూడా పొయ్యిలోనే వేశాను. గూళ్ళలో ఉన్నవి ఒక్కరోజులో చావవని కాంపౌండరుగారు చెప్పారని మూడు వారాలు వదలకుండా చేశాను. అత్తయ్య కాళ్ళు మానాయి.

“ఆ కుక్క ఎప్పుడు దూరిందో గడ్డిలోకి!” అంది ఆవిడ. నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు.

మా ఆయన్ని పోరి, బుల్లోణ్ణి వెతకమని జంక్షన్‌కి పంపాను. ఏ లారీ, ఎవరిది, ఎవరికి గుర్తు? ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. ఆ సాయంత్రమే నేను తోటకి వెళ్ళాను. గుడిసె ముందు గుంజకి బుల్లోడి తాడు ఇంకా వేలాడుతోంది. రాయప్ప కట్టెలు కొడుతున్నాడు.

“రాయప్పా, ఆ పేలు బుల్లోడివి కావు. పళ్ళ గదిలో నేను పిల్లిని పెంచాను.”

“తెలుసమ్మా” అన్నాడు తలెత్తకుండా. “పళ్ళ గంపలు మోసింది నేనే కదా. పాల చిప్ప చూశాను, పిల్లిపిల్లల్నీ చూశాను.”

“మరి ఆ రోజే అత్తయ్య ముందు చెప్పొచ్చుగా!” అన్నాను. తప్పు నాదై ఉండి కూడా గొంతు నాదే లేచింది.

రాయప్ప గొడ్డలి కింద పెట్టాడు.

“నేను చెబితే మీకు మాటొస్తుందనుకున్నానమ్మా. మీరే చెబుతారని, ట్రాక్టరు మలుపు తిరిగేదాకా మీ గుమ్మం వైపే చూశాను.”