బాబాయి దాచిన డిస్కులు

ఆ నెలలో ఆమె చేయవలసిన పనులు మేనేజరు కాగితం మీద రాసిచ్చాడు. పాత డిస్కులు సంపాదించాలి. పాత బ్రౌజరునూ పాత జావానూ కలిపి ఒక కంటైనరు తయారుచేయాలి. పదకొండు సర్వర్ల కన్సోల్స్ అందులోంచి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. వారం రోజులు బాబాయికి ఫోన్ చేయకుండా పని నడపాలి. ఆఖరున నివేదిక మీద బాబాయి సంతకం తీసుకోవాలి.

ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. ఎవరు ఏ పని రాసిచ్చినా పరీక్ష పేపరులా చూసే అలవాటు ఇంకా పోలేదు. ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు.

ఊరికి నీళ్ళు పంపే సంస్థ అది. ఆఫీసు ఒకచోట, పంపులను నడిపించే సర్వర్లున్న గది బస్సులో గంట దూరాన, పంపుల భవనం మూడో అంతస్తులో. ఆ గదిని పంతొమ్మిదేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నవాడు బాబాయి. ఆమెకు సొంత బాబాయి కాదు, అందరికీ బాబాయే. ఏ సర్వరైనా బిగుసుకుపోతే ఆఫీసులో వాళ్ళకు దాని తెర కనపడదు. దూరం నుంచి ఆ తెరను చూపించే కన్సోల్ ఉంది కానీ, జావా అనే సాఫ్ట్‌వేరు పాతది ఉంటే తప్ప అది తెరుచుకోదు. కొత్త కంప్యూటర్లేమో ఆ జావాను గుమ్మం తొక్కనివ్వవు. అందుకని ఆమె ఫోన్ చేసేది. ఆయన కింద పంపుల దగ్గరున్నా మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, సర్వరుకు మానిటరు తగిలించి, తెర మీద ఉన్నది ఒక్కో అక్షరం చదివి వినిపించేవాడు. ఏడో తరగతి తప్పి బడి మానేసిన మనిషికి ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది ఆ తెరలే.

“ఎఫ్, ఏ, ఐ, ఎల్... ఫెయిలంటోందమ్మా ఇంజనీరమ్మా.”

“ఏది ఫెయిలయింది బాబాయ్?”

“నేను ఏడులో అయ్యాను, ఇది ఇవాళ అయింది. కంగారుపడకు, కింద ఇంకా ఉంది. చదువుతున్నా.”

చేరిన కొత్తలో, ఏం చేయాలో తోచక ఆమె తడబడినప్పుడల్లా ఆయన అలాగే నవ్వించేవాడు.

“పాపం, ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి,” అన్నాడు మేనేజరు కాగితం చేతికిస్తూ. “రిటైరవడానికి ఇంకా పధ్నాలుగు నెలలుంది. కుర్చీ వేసుకుని ఆ గదిలో హాయిగా కూర్చోనీ. నీ పుణ్యాన.”

ఆ గదిలోనే రిటైరవ్వాలన్నది బాబాయికున్న ఒకే ఒక్క కోరిక. ఆ సంగతి ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు.

“డిస్కులెందుకని బాబాయి అడిగితే ఏం చెప్పను సార్?”

“బ్యాకప్‌కని చెప్పు. అసలు విషయం చెబితే వద్దంటాడు. మొహమాటస్థుడు కదా.”

ఆ జావా కోసం ఆమె నెట్ అంతా గాలించింది. ఎక్కడా దొరకలేదు. బాబాయి బీరువాలో మాత్రం ఉంది. సర్వర్లు దిగిన రోజున అట్టపెట్టెలతోపాటు బయట పారేయబోయిన డిస్కులను ఏరి దాచిపెట్టాడు. ఒక్కొక్కటీ చొక్కా అంచుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

“దేనికమ్మా ఇవి?”

“బ్యాకప్‌కి బాబాయ్.”

“పట్టుకెళ్ళు. నా దగ్గరుంటే ఎంత, నీ దగ్గరుంటే ఎంత.”

కంటైనరంటే కంప్యూటరు లోపల తలుపేసుకున్న గదిలాంటిది. పాత సాఫ్ట్‌వేరు లోపల తన మానాన తాను పనిచేసుకుంటుంది, దాని గాలి బయటివాటికి సోకదు. సర్వర్లు తమను తాము రుజువు చేసుకునే సర్టిఫికెట్లకు ఎప్పుడో గడువు తీరిపోయింది కాబట్టి, ఆ గదిలోని గడియారాన్ని ఆమె పదేళ్ళు వెనక్కి తిప్పింది. పదకొండో కన్సోల్ కూడా తెరుచుకున్నాక కుర్చీలోంచి లేచి ఒక్కతే చప్పట్లు కొట్టింది.

తర్వాతది ఫోన్ చేయని వారం. ఆ వారంలో రెండు సర్వర్లు బిగుసుకుపోతే, కూర్చున్న చోటునుంచి కదలకుండానే లేపింది. నాలుగో రోజున ఆయనే ఫోన్ చేశాడు.

“ఏంటమ్మా, అలిగావా? చప్పుడే లేదు.”

“లేదు బాబాయ్. ఏదీ పాడవలేదు, అందుకే.”

“అయితే నా పిల్లలకు బుద్ధొచ్చిందన్నమాట!”

చెప్పింది అబద్ధమే. మంచికే కదా అని సర్దిచెప్పుకుంది. ఆఖరి రోజున నివేదిక పట్టుకుని బస్సెక్కింది. సర్వరు సర్వరుకూ ఎదురుగా ‘మనిషి అవసరం లేదు’ అని తన చేత్తోనే రాసింది. అలా రాస్తే తన పని నెగ్గినట్టేననుకుంది.

“ఏముంది ఇందులో?” అన్నాడు బాబాయి కలం మూత తీస్తూ.

“ఇకమీదట నువ్వు మెట్లెక్కక్కర్లేదని.”

“నువ్వు చదివావుగా. చాలు.”

చదవకుండానే సంతకం పెట్టాడు.

సంతకం పెట్టిన తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. గది కాపలా పోస్టు రద్దు. మిగిలిన సర్వీసంతా ఊరవతల పైపుల గోదాము గేటు దగ్గర. కారణం ఒక్క వాక్యం: ‘జతపరచిన నివేదికననుసరించి.’ జతపరచినది ఆమె రాసిన కాగితమే.

ఆమె మేనేజరు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది.

“గదిలోనే కూర్చోబెడతామన్నారు కదా సార్!”

“అన్నాను. అవసరం లేదని రాసిందెవరు? నువ్వు. ఒప్పుకుని సంతకం పెట్టిందెవరు? ఆయన. నేను పైకి పంపానంతే.”

“నాతో అబద్ధం ఆడించారు.”

“పని చక్కగా చేశావు. దాన్ని పాడుచేసుకోకు.”

ఇలాంటి మెచ్చుకోలు కోసమే ఆమె రెండేళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడది చెంప మీద కొట్టినట్టుగా తగిలింది.

ఆమె వెళ్ళేసరికి బాబాయి బీరువా ఖాళీ చేస్తున్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. ఎప్పటిలా ‘ఇంజనీరమ్మా’ అని పిలవనూ లేదు.

“బాబాయ్, నాకు నిజంగా...”

“తెలియదంటావు. నమ్ముతాను. అయినా బ్యాకప్‌కి కాదని తెలుసు కదా? ఆ వారం ఏదీ పాడవలేదన్నావు, పాడయ్యాయని తెలుసు కదా?”

“తెలుసు బాబాయ్,” అంది ఆమె.

“ఎందుకో చెప్పి అడిగినా ఇచ్చేవాణ్ణే తల్లీ. నాకు చెప్పకుండా తీసుకున్నావు, అదీ నా బాధ.” స్టూలు లాగి కూర్చున్నాడు. “ఏదీ, చూపించు. నేను లేకపోతే ఎలా ఉంటుందో చూస్తాను.”

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. కంటైనరు లేచింది, అందులోంచి ఏడో సర్వరు తెర వచ్చింది. ఆయన ముందుకు వంగి, వేలు పెట్టి, అలవాటుగా చదవడం మొదలుపెట్టాడు. “ఎల్, ఓ, జీ...” సగంలో ఆగి వేలు వెనక్కి తీసుకున్నాడు.

“నీకు కనపడుతోందిగా,” అన్నాడు.

ఉత్తర్వు మార్చమని ఆమె మూడు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. బాబాయి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తుతాడు, బాగున్నానంటాడు, పెట్టేస్తాడు. జోకులు లేవు. కంటైనరు మాన్యువల్ మొదటి పేజీలో, ఇందులోని జావా ఎవరు దాచిన డిస్కులోదో ఆమె రెండు వాక్యాలు రాసింది. మాన్యువల్లో మనుషులెందుకని మేనేజరు కొట్టేశాడు.

అక్కడ కొట్టేశారు కాబట్టే ఇక్కడ రాయవలసివచ్చింది. చదివినవాళ్ళు ఈ పూట కుళాయి తిప్పినప్పుడు, అందరూ పారేయబోయినదాన్ని ఏరి దాచి, అడగగానే చొక్కా అంచుతో తుడిచి ఇచ్చేసిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.