పదకొండు పిక్సెళ్ళ పొగరు

పదకొండు పిక్సెళ్ళు. నా పేరూ అదే, ఇంటిపేరూ అదే. వెబ్ పేజీలో అక్షరం ఎంతుండాలో చెప్పే కొలతని నేను. ఒకసారి రాస్తే రాసినట్టే, ఎవరొచ్చి బతిమాలినా రవ్వంత కదలను.

నన్ను పుట్టించినవాడు పృథ్వీ. వాడి మేనమామ కోటిలింగం చీరాలలో మిత్రకళా సమితి అనే నాటక సమాజానికి దర్శకుడు, హీరో కూడా ఆయనే. మేనల్లుడు వెబ్ డిజైన్ నేర్చుకున్నాడని వినగానే ఆయనకి పూనకం వచ్చింది. "చిరిగిపోయే కాగితాలు ఇంకెందుకురా, నాటకమంతా వెబ్‌సైట్‌లో పెట్టెయ్!" అన్నాడు. పృథ్వీ ముందు ఇంగ్లీషు అక్షరాలు పోసి చూసుకున్నాడు. నాజూగ్గా ఉన్నాయని మురిసిపోయి నన్ను ఖాయం చేశాడు. తర్వాత తెలుగు దించాడు. గుడులూ కొమ్ములూ వత్తులూ ఆ ఇరుకులో పడి, తిరునాళ్ళ బస్సులో జనంలా ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి. నాకేం, నేను హాయిగానే ఉన్నాను.

చదవాల్సింది మాత్రం సత్యాంబ. ఆవిడ ఏళ్ళ తరబడి ఆ సమాజానికి ప్రాంప్టరు. తెర పక్కన స్టూలు మీద కూచుని, మాట మర్చిపోయిన నటుడికి గుసగుసగా అందించే మనిషి.

రిహార్సల్ రోజు ఆవిడ తన లాప్‌టాప్‌లో మా పేజీ తెరిచింది. కోటిలింగం చెయ్యెత్తి "ఓరి కృతఘ్నుడా!" అని గర్జించి, ఆపై మాట మర్చిపోయాడు. అది ఆయనకి అలవాటే. సత్యాంబ కళ్ళు చికిలించింది, ముక్కు తెరకి ఆనించింది. పేజీ మొత్తాన్ని జూమ్ చేస్తే, నా చుట్టూ పృథ్వీ వెడల్పు మారకుండా బిగించిన పెట్టె కూడా ఉబ్బి, ప్రతి వాక్యంలో సగం తెర దాటిపోయింది. కనిపించిన సగమే అందించింది. ఆయన సగమే గర్జించి, ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోయాడు. తబలా అతను కిసుక్కున నవ్వాడు.

"అక్కయ్యా, నీకు కళ్ళు పోయాయి. ఆదివారం ప్రదర్శన పెట్టుకుని ఇదేం ఖర్మ! ప్రాంప్టింగు ఇంకెవరికైనా ఇద్దాం" అన్నాడు కోటిలింగం, నలుగురిలో.

ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ స్టూలు పోతే ఆవిడకి నాటకమే లేదు. నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం భలే గర్వమనిపించింది. కదలకుండా కూచునే ఒక మనిషిని దించేశాను మరి!

కానీ ఆవిడ లేస్తేగా! "నా కళ్ళ సంగతి నాకు తెలుసు. ఇలా రా అబ్బాయ్" అని పృథ్వీని పిలిచింది. "బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి పెట్టుకున్నాను. ఇదిగో వంటల పేజీ, నా మాట వింది. వార్తల పేజీ, అదీ వింది. నీ ఒక్కదానికే ఏం, అంత పొగరు?"

పృథ్వీ బుర్ర గోక్కున్నాడు. "ఇంగ్లీషులో బానే కనిపించింది పెద్దమ్మా."

"మీ మావయ్య ఇంగ్లీషులో గర్జిస్తాడా?"

అంతే, నా గుట్టు రట్టయింది. నా చోట్లోకి రెమ్ అనే కొలత వచ్చింది. దానికి సొంత పట్టుదలంటూ లేదు. చదివేవాళ్ళు బ్రౌజర్‌లో ఎంత పెట్టుకుంటే దాన్నిబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. గాలివాటం సరుకని ఈసడించుకున్నాను. పృథ్వీ పెట్టె బిగింపు కూడా వదిలించాడు. వాక్యాలు తెర అంచుదాకా వచ్చి బుద్ధిగా కింది వరసకి దిగాయి.

నన్ను చెరిపెయ్యలేదు. బ్రౌజరు చదవకుండా అటూ ఇటూ గుర్తులు పెట్టి, కామెంటుగా మూలన కూచోబెట్టాడు. పక్కన "పెద్దమ్మ చదవలేకపోయింది, మళ్ళీ వాడకు" అని రాసుకున్నాడు.

ఆదివారం హాలు నిండింది. పేజీలో ఆ మూల నుంచే అంతా విన్నాను. "ఓరి కృతఘ్నుడా!" అన్నాడు కోటిలింగం. ఆనవాయితీ ప్రకారం మర్చిపోయాడు. తెర పక్కనుంచి వాక్యం మొత్తం గుసగుసగా అందింది. ఆయన అందుకుని గర్జించాడు, చప్పట్లు మోగిపోయాయి.

నాటకం అయ్యాక తనకి వేసిన దండ తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ఆ స్టూలు నీదే అక్కయ్యా" అన్నాడు.

ఆవిడా జనానికి కనబడదు, ఇప్పుడు నేనూ కనబడను. తేడా అల్లా ఒక్కటే. ఆవిడ చాటున కూచుంటే నాటకం నడుస్తుంది, నేను చాటుకి పోయాకే అది నడిచింది.