నెమూరి బుగ్గన చుక్క

సౌదీలోని బురైదాలో ఖర్జూరం తోటల పక్కనున్న ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ ముద్దు చేయించుకునేది ఎవరయ్యా అంటే ఒక గుడ్డబొమ్మ. నాలుగేళ్ల జూరి కోసం మేనమామ జపాన్ నుంచి తెచ్చాడు. గుమ్మడికాయంత తల, గోరంత నోరు, సగం మూసిన నిద్రకళ్లు. కుందేలు. ఆ దేశపు కార్టూన్లలో దాని పేరు నెమూరి అట. పనిమనిషి రత్తమ్మ చెవికి అది నెమలి అనే వినబడేది. కుందేలుకు నెమలి అని పేరు పెట్టినవాళ్లను ఏమనాలో తోచలేదు గానీ, రాయచోటి నుంచి ఇంతదూరం వచ్చాక ఆమె ఇలాంటివి పట్టించుకోవడం మానేసింది.

ఇంటికొచ్చిన చుట్టాలంతా దాని బుగ్గలు నొక్కి, ఎత్తుకుని, ఫోటోలు దిగారు. మర్నాడే దాని చెవి కుట్టు ఊడింది, జూరికి జ్వరం తగిలింది. ఇక రత్తమ్మకు వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు, గుడ్డకుందేలెంత? చెవి కుట్టి, బొమ్మను ఒళ్లో పడుకోబెట్టుకుని, తన కాటుక వేలికద్దుకుని ఎడమ బుగ్గన ఇంత చుక్క పెట్టింది.

“ఎంత ముద్దుగుండావే నెమలీ! ఎవురి పాడుకన్ను పడిందో ఏమో,” అంటూ మెటికలు విరిచింది. జూరికే పెట్టుండేది గానీ, ఆ ఇంటి పిల్ల మొహాన నలుపు పూసే ధైర్యం ఆమెకెక్కడిది?

జూరి తల్లి నూరా ఆ చుక్క చూసింది. బొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మొహాన నెత్తుటి చుక్క లేదు. ఒకటే మాట అడిగింది.

“సిహ్ర్?”

సిహ్ర్ అంటే చేతబడి. పక్కింట్లో వండే కడప షమీమ్ మొదట్లోనే చెవిలో వేసింది: “అక్కా, ముడేసిన దారాలు, నిమ్మకాయలు, యెంటికలు, ఏవీ గదిలో పెట్టుకోవద్దు. ఆ మాట పడిందంటే ఇంటికి పంపడంతో పోదు, పోలీసులొస్తారు.” రత్తమ్మ అన్నీ మానుకుంది. కాటుక చుక్క సంగతి షమీమ్ చెప్పలేదు మరి!

రత్తమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కల్లో ఒక్కటి మాత్రం పైకొచ్చింది. “అయిన్! అయిన్!” అంటూ తన కన్ను చూపించింది. అయిన్ అంటే కన్ను, దిష్టి కూడా. తన కన్నే చూపిస్తే ఎవరి దిష్టి అనుకుంటారు? నూరా రెండడుగులు వెనక్కి వేసి మొగుడికి ఫోన్ కలిపింది.

ఆ గోలకు నూరా అత్తగారు లేచి వచ్చింది.

“మామా...” అంది రత్తమ్మ. అక్కడ అమ్మను అలాగే పిలుస్తారు. మామగారిని పిలిచినట్టుందని మొదట్లో నవ్వొచ్చేది. ఇవాళ ఏడుపొచ్చింది.

పెద్దావిడ బొమ్మను లాక్కుని చుక్కను చూసింది, రత్తమ్మను చూసింది, పకపకా నవ్వింది. తన గడ్డం నొక్కు మీద వేలు పెట్టుకుంది.

“ఫోన్ పెట్టెయ్ నూరా. మా అమ్మ ఇక్కడ సుర్మా చుక్క పెట్టందే నన్ను గడప దాటనిచ్చేది కాదు. చేతబడి చేసేది దాచిపెడుతుంది గానీ, అందరూ చూసేలా బుగ్గన పెడుతుందా? దిష్టి తగలకూడదని పెట్టింది, పిచ్చిదానా.”

నూరా ఫోన్ దించింది. రత్తమ్మ ఉన్నచోటే కూలబడి, చున్నీ నోట్లో కుక్కుకుని భోరుమంది. హమ్మయ్య అనుకోవడానికి కూడా ఊపిరి చాలలేదు. ఇంత తేలికైన ఏడుపు ఆమె పుట్టాక ఏడవలేదు.

జ్వరం తగ్గిన జూరి బొమ్మను ఎత్తుకుని, తన బుగ్గ చూపించింది. తనకూ కావాలట. నూరా లోపలికెళ్లి తన సుర్మా బుడ్డి తెచ్చి రత్తమ్మ చేతిలో పెట్టింది. రత్తమ్మ పెట్టిన చుక్క కాస్తా రూపాయి బిళ్లంత అయింది.

“నన్నెంత భయపెట్టావు!” అంది నూరా కళ్లు తుడుచుకుంటూ.

“భయపెట్టింది నేనా తల్లీ! నా పానం తీసి మళ్లా పెట్టినావు గదా,” అంది రత్తమ్మ తెలుగులో.

“ఏమంటోంది?” అని నూరా అత్తగారిని అడిగింది.

రత్తమ్మ ముక్కు చీదుకుని, దిష్టి తగలకుండా అక్కడ అందరూ అనే మాట అందుకుంది.

“మాషా అల్లా అంటున్నా, మదాం.”