గోడ గడియారం ప్రకారం

సాయంత్రం ఏడింటికి కొట్టు షట్టరు సగానికి దించి, అత్తగారు ఫోను చేత్తో పట్టుకుని గడియారాల ముందు నిలబడింది. గోడకి ఇరవై మూడు, అద్దాల బీరువాలో పద్నాలుగు. నడిచేవన్నీ ఒకే టైము చూపిస్తాయి కాబట్టి దేన్ని చూసినా ఒకటే.

"ఇవాళ ఎంత, అత్తయ్యా?" బల్ల మీద పనిముట్లు సర్దుతూ కోడలు అడిగింది.

"గంటా నలభై ఆరు. నిన్నటికన్నా మూడు నిమిషాలు ఎక్కువ."

"మధ్యాహ్నం తలుపు బార్లా తీశాను కదా. ఎండంతా వచ్చి మొహాన పడింది."

అత్తగారు పుస్తకంలో అంకె రాసి, స్టూలెక్కి, ఒక్కో గడియారాన్నీ గంటా నలభై ఆరు నిమిషాలు ముందుకి తిప్పడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో వంటింటి పొయ్యి తుడవడం ఎలాగో ఇదీ అలాగే. రోజులో ఆఖరి పని.

కోడల్ని వీధిలో అందరూ వాచీలమ్మ అంటారు. ఆమె కనురెప్పలు వాటంతట అవి బిగుసుకుపోతాయి. అవి మూసుకున్నంతసేపూ ఆ గదిలో ఉన్న గడియారాలు ఆగిపోతాయి. తెరుచుకోగానే ఆగిన చోటునుంచే మళ్ళీ నడుస్తాయి. కీ ఇచ్చేవైనా, బ్యాటరీవైనా, చేతి వాచీలైనా అంతే. ఫోను మాత్రం ఆగదు, దాని టైము ఎక్కడో దూరం నుంచి వస్తుంది కాబట్టి. కావాలని కళ్ళు మూసుకుంటే ఏదీ ఆగదు. రెప్పలు మాట వినకుండా మూసుకోవాలి, అప్పుడే.

దీన్ని వీధిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె భర్త రైలు గార్డు. వాచీ రెండు నిమిషాలు వెనకబడితే ఉద్యోగానికే ఎసరు. అందుకని డ్యూటీ దిగి ఇంటికొచ్చేటప్పుడు వాచీ విప్పి పక్క చెప్పుల కొట్టులో ఇచ్చి, అప్పుడు గడప దాటేవాడు.

ఆరేళ్ళ క్రితం ఎడమ కన్ను అదరడంతో మొదలైంది. ఎదురింటి టైలరు "ఎడమ కన్ను అదిరితే మంచిది వదినా, ఏదో శుభవార్త" అంది. నెల తిరక్కుండా కుడి కన్ను కూడా అదిరింది. "ఇప్పుడేమంటావు?" అని అడిగితే, "ఒకదానికొకటి చెల్లు" అని కుట్టుమిషను తిప్పేసింది. పోస్టుమాను తనకే కన్ను కొడుతోందనుకుని కొన్నాళ్ళు ఉత్తరాలు లేకపోయినా వచ్చి, లేవని చెప్పి వెళ్ళేవాడు. అత్తగారు ఒకరోజు అతన్ని కూర్చోబెట్టి సంగతంతా వివరించాక రావడం మానేశాడు. కాస్త నొచ్చుకున్నాడు కూడా.

రెప్పలు బిగుసుకున్నప్పుడు వాచీలమ్మ చెయ్యి కదపకుండా ఆగడం నేర్చుకుంది. కంటికి భూతద్దం, చిన్న పట్టకారు చివర పంచదార పలుకులో సగముండే మర, ఎదురుగా చీకటి. తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. కణత మీద వేలు ఆనిస్తే రెప్పలు కాసేపు వదులవుతాయని తనే కనిపెట్టింది. పరాయివాళ్ళ గదుల్లోకి వెళ్తే మాత్రం ఆ వేలు తీసేది కాదు. ఎవరింటి గడియారాన్నో ఆపడం మర్యాద కాదని ఆమె పట్టుదల. పెళ్ళిళ్ళలో భోజనం కూడా ఎడమ చేతి వేలు కణత మీద ఉంచుకునే చేసేది. ఫోటోలన్నిట్లో ఏదో దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుంది.

మొదటి డాక్టరు చుక్కల మందిచ్చాడు. రెండో డాక్టరు కళ్ళజోడు మార్చాడు. మూడో ఆయన పెన్ను మూత పెట్టి, "ఇంట్లో అత్తగారితో ఏమైనా ఇబ్బందా?" అని అడిగాడు. పక్కనే కూర్చున్న అత్తగారు, "ఉంది నాయనా, కూర్లో ఉప్పు తక్కువేస్తుంది. దానికి కళ్ళు మూసుకుపోవాల్సింది నాకు కదా?" అంది.

నాలుగో ఆవిడ నరాల డాక్టరు. "రోజుకి ఎంతసేపు మూసుకుంటాయి?" అని ఆవిడ అడిగింది. ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు.

"నిన్న రెండు గంటల పదకొండు నిమిషాలు."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

అత్తగారు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు పేజీలు తిరగేసింది. ఆరేళ్ళ కిందట రోజుకి పదకొండు నిమిషాలు. ఇప్పుడు పది గంటలు తెరిచే కొట్టులో నూటముప్ఫై ఒకటి. వారానికి ఆరు రోజులు లెక్కేస్తే పదమూడు గంటల పైన చీకటి.

"కణత మీంచి చెయ్యి తీసెయ్యండి," అంది డాక్టరు.

"మీ గడియారం ఆగిపోతుందండీ."

"ఆగనివ్వండి. నేను చూడాలి."

వాచీలమ్మ చెయ్యి దించింది. రెప్పలు దబ్బున మూసుకున్నాయి, నుదురు ముడుచుకుంది, గోడ మీద ముల్లు ఆగింది. డాక్టరు ఫోన్లో సెకన్లు లెక్కపెట్టి రాసుకుంది. "మీ కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. కళ్ళు మూసే కండరాలకి మెదడు నుంచి తప్పుడు కబురు వెళ్తోంది. మీ మనసు బలహీనం కాదు, మీ అత్తగారి తప్పూ లేదు."

"అది కాస్త కాయితం మీద రాసివ్వమ్మా," అంది అత్తగారు.

మందు ఇంజెక్షను. కళ్ళ చుట్టూ సన్నటి సూదితో ఒక్కో వైపు అయిదు పోట్లు. కండరాన్ని కొన్నాళ్ళు వదులు చేస్తుంది, మూడు నెలలకి దాని పని అయిపోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. జబ్బుని పూర్తిగా తీసేసే మందు లేదని కూడా డాక్టరు దాచకుండా చెప్పింది. మొదటిది ఆసుపత్రిలోనే వేసింది. ఎడమ రెప్ప రెండు వారాలు సగం వాలి, వాచీలమ్మ నిద్రమొహంతో తిరిగింది. అయినా అయిదో రోజుకి లెక్క నలభై నిమిషాలకి పడింది. పదో రోజు నాలుగు. ఆ సాయంత్రం అత్తగారు స్టూలెక్కి, చెయ్యడానికి పనేమీ లేక దిగింది. వాచీలమ్మ అరచేతిలో పట్టే పాత వాచీనొకదాన్ని ఆరేళ్ళ తర్వాత ఒక్క బిగిని బాగుచేసింది.

పన్నెండో వారంలో పంతొమ్మిది. పద్నాలుగో వారంలో, ఇదిగో, గంటా నలభై ఆరు.

రెండో ఇంజెక్షనుకి ఆరోగ్య కార్యాలయం అనుమతి కావాలి. అనుమతి పొందినవాళ్ళ జాబితా ఏడాదికి రెండుసార్లే తయారవుతుంది. మర్నాడే ఆఖరి రోజు. తప్పితే మళ్ళీ ఆరు నెలలు. ఆరు నెలల చీకట్లో కొట్టు నడవదని ఇద్దరికీ తెలుసు. పుస్తకంలో అంకెలు ఆ మాటే చెబుతున్నాయి.

మర్నాడు వాళ్ళకొచ్చిన టోకెను అరవై నాలుగు. గదిలో ఒకటే కౌంటరు, దాని పైన గోడ గడియారం. పక్కన బోర్డు: "కౌంటరు వేళలు ఈ గోడ గడియారం ప్రకారమే. సొంత వాచీలు చూపి వాదించరాదు." వాచీలమ్మ నల్లద్దాల్లోంచి ఒక్క చూపు చూసి, "తొమ్మిది నిమిషాలు ముందుంది," అంది అత్తగారి చెవిలో.

గుమ్మం దగ్గర కాపలా మనిషి విన్నాడు. "అది వాళ్ళే తిప్పుకున్నారమ్మా, తొందరగా ఇంటికెళ్ళడానికి. జనం గొడవ చేస్తే ఆ బోర్డు పెట్టారు."

గది గడియారం ఆపకూడదని ఆమె మధ్యాహ్నమంతా వరండాలోనే కూర్చుంది. ఎందుకని అడిగినవాళ్ళందరికీ అత్తగారు సంగతి చెప్పింది. మూడున్నరకి పిలిస్తే, వేలు కణత మీద పెట్టుకుని లోపలికెళ్ళింది.

గుమాస్తా కాయితం చదివి నవ్వాడు. "ఈ మందా? ఇది మొహంలో ముడతలు పోవడానికి వేయించుకుంటారమ్మా. అందానికి అనుమతి ఇవ్వరు."

"నన్ను చూస్తే అందం కోసం వచ్చినట్టుందా?"

"నాకేం తెలుసు? వైద్యానికే అని అధికారి సంతకం కావాలి. ఆవిడ మీటింగులో ఉన్నారు. అయిదులోపు వస్తే మీ అదృష్టం."

మళ్ళీ వరండా. ఆమె లోపలికొచ్చేసరికి గోడ మీద నాలుగూ యాభై రెండు. అధికారి రాలేదు. వెనకాల ఇంకా ఏడుగురున్నారు. గుమాస్తా అప్పుడే ఫైళ్ళకి తాడు కడుతున్నాడు.

"ఆరు నెలల తర్వాత రండమ్మా."

"ఇంకా అయిదవలేదు."

"ఎనిమిది నిమిషాల్లో అవుతుంది."

"నిజానికి పదిహేడు ఉన్నాయి. మీ గడియారం తొమ్మిది నిమిషాలు ముందుంది."

గుమాస్తా మొహం గంటు పెట్టుకున్నాడు. "బోర్డు చదవలేదా? ఈ గడియారం ప్రకారమే."

"ఈ గడియారం ప్రకారమేనా?"

"అవును."

"ఇంకోసారి చెప్పండి, మా అత్తయ్యకి వినపడలేదు."

"ఈ గడియారం ప్రకారమే!"

అత్తగారికి పక్కవీధిలో గిన్నె పడ్డా వినపడుతుంది.

వాచీలమ్మ కుర్చీ లాక్కుని ట్యూబులైటు కింద వేసుకుంది. నల్లద్దాలు తీసి అత్తగారికిచ్చింది. ఫ్యాను గాలి తిన్నగా మొహాన కొడుతోంది. ఆరేళ్ళుగా ఎండని, గాలిని, లైటుని తప్పుకుని తిరిగిన మనిషి తల పైకెత్తి ఆ లైటుని సూటిగా చూసింది. 'రా. ఎంతసేపు మూస్తావో చూస్తాను,' అనుకుంది. కణత మీంచి వేలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

రెప్పలు బిగుసుకున్నాయి. సెకన్ల ముల్లు ఆగింది.

క్యూలో ముందున్నావిడ గడియారాన్ని చూసి, వాచీలమ్మని చూసి, కాయితాలు కౌంటరు మీద పెట్టింది. "అయిదవలేదుగా. తీసుకోండి."

"అమ్మా, కళ్ళు తెరవండి," అన్నాడు గుమాస్తా.

"అది నా చేతిలో ఉంటే మీ దగ్గరికెందుకొస్తాను?"

"ఇదేం పద్ధతి? నా ఫోన్లో చూడండి, అయిదు దాటుతోంది!"

కాపలా మనిషి బోర్డు దగ్గరికెళ్ళి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. సొంత వాచీలు చూపి వాదించరాదు అన్నచోట కాస్త గొంతు పెంచాడు. గుమాస్తా ఫైళ్ళ తాడు విప్పాడు.

మధ్యమధ్యలో రెప్పలు విడిపోయి, ముల్లు నాలుగడుగులు నడిచేది. మళ్ళీ ఆగేది. కళ్ళ చుట్టూ కండరాలు నొప్పిపెట్టి, బుగ్గ దాకా లాగేస్తున్నాయి. ఆమె వేలు ఒకసారి అలవాటుగా లేచింది. అక్కడే ఆపి, పిడికిలి బిగించి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

అధికారి వచ్చేసరికి అత్తగారి ఫోన్లో అయిదూ నలభై. గోడ మీద నాలుగూ యాభై నాలుగు.

"ఇంకా మూయలేదా?" అంది ఆవిడ.

"అయిదవలేదండి," అన్నాడు గుమాస్తా నీరసంగా.

అధికారి గోడవైపు చూసి తలూపింది. డాక్టరు ఉత్తరం చదివింది, పుస్తకంలో ఆరేళ్ళ అంకెలు చూసింది. "ముడతలకి కాదు కదా?"

"నా ముడతలు నాకుండనివ్వండి," అంది వాచీలమ్మ, కళ్ళు మూసుకునే. "అవెన్ని వచ్చాయో చూసుకోడానికే అడుగుతున్నాను."

అధికారి నిలబడే సంతకం పెట్టింది. గుమాస్తా ముద్ర గట్టిగా గుద్దాడు. వాచీలమ్మకి ఆ చప్పుడు మాత్రమే వినిపించింది.

"లే అమ్మాయ్. జాబితాలో ఎక్కించాడు, నేను కళ్ళారా చూశాను," అని అత్తగారు భుజం మీద చెయ్యి వేసింది. "ఇంక వేలు పెట్టుకో. మొహమంతా కందిపోయింది."

"వెనకాల ఇంకా ఎంతమంది ఉన్నారత్తయ్యా?"

"నలుగురు. పాపం ఒకాయన ఊతకర్ర మీద నిలబడ్డాడు."

వాచీలమ్మ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"ఆయనకి కుర్చీ వెయ్యమనండి," అంది. "అయిదవడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి."