జయమణి పోగేసిన డబ్బాలు

జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు నడిపే చంద్రమౌళికి ఆ పొద్దున్నుంచి మనసు మనసులో లేదు. కొట్టు తీస్తూనే పెనుగంచిప్రోలు రైతు వీరరాఘవయ్య వచ్చి, లీటరు మందు ఖాళీ డబ్బా ఒకటి కౌంటరు మీద టపీమని పెట్టాడు.

"నీ కొట్టు స్టిక్కరు చూసే కదయ్యా నమ్మింది! రెండెకరాల మిరపకి కొట్టించా. నల్ల తామరపురుగు చావకపోగా బలిసింది. ఇది మందా, పానకమా?"

"నా దగ్గర కొన్నావా?"

"నీ మనిషినేనని చెప్పి బండి మీద ఇంటికే తెచ్చిచ్చాడు."

"నాకు బండ్ల మీద తిరిగే మనుషులు లేరు వీరరాఘవయ్యా."

"అదేదో సాయంత్రంలోగా తేల్చు. లేకపోతే రేపు నందిగామ వ్యవసాయాఫీసులో తేల్చుకుందాం. ఇక నీ కొట్టు గడప మా ఊరోడు తొక్కితే ఒట్టు."

నలుగురు రైతుల ముందు అన్నమాట అది. ముప్పై ఏళ్లుగా నిలబెట్టుకున్న పేరు ఒక్క డబ్బాతో పోయేట్టుంది. ఎవడో ఖాళీ డబ్బాల్లో నకిలీ మందు నింపి అమ్ముతున్నాడు. మరి వాడికి ఖాళీలు ఎవరిస్తున్నారు? కొట్టుకొచ్చిన ప్రతివాడూ ఒకే పేరు చెప్పాడు: జయమణి. కూలికెళ్లే మనిషి. పని దిగాక చేల గట్ల మీద పారేసిన మందు డబ్బాలు గోతంలో ఏరుకుపోతుందట. మూడేళ్లుగా ఇదే వరస. మెతుకు లేని చోట కాకైనా వాలదని చంద్రమౌళి నమ్మకం. మనిషి ఊరికే ఎందుకు వంగుతుంది?

వీరరాఘవయ్య వదిలివెళ్లిన డబ్బాను చంద్రమౌళి సంచిలో వేసుకుని, ఆటో మాట్లాడుకుని, మునేటి వంతెన అవతల పల్లెలో ఉన్న జయమణి ఇంటికి వెళ్లాడు. పంచలో కూర్చున్న జయమణి అతన్ని చూడగానే ముందున్న గోతాన్ని వెనక్కి లాక్కుంది.

దొరికింది దొంగ అనుకున్నాడు.

"ఏం జయమణీ, గోతంలో ఏంటి?"

"మీకెందుకండీ? ఇవి అడిగినోళ్లకల్లా ఇచ్చేవి కావు."

"ఇంకెవరడిగారు?"

"మొన్నొకడు బండి మీదొచ్చాడు. లేబులు చిరక్కూడదంట, మూతతో సహా కావాలంట. ఆడూ మీలాగే చల్లగా పలకరించాడు. మీ మనిషి కాదా?"

సంతలో గిత్త పళ్లు పట్టి చూసినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. చంద్రమౌళి ఇక ఆగలేక గోతం లాగి నేల మీద కుమ్మరించాడు. పాతిక డబ్బాలు దొర్లాయి. కడిగినవే అన్నీ. ఒక్కటీ చుక్క నీళ్లు నిలిచేలా లేదు. ప్రతిదాని అడుగునా మూడేసి బొక్కలు.

"ఇదేంటి?"

"మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులోనే పోసి, డబ్బాకి బొక్క పెట్టాలంట. మందు కొట్టేవాళ్ల వెంటబడి కడిగిస్తా. ఈ పోట్లు నేను పొడిచి పంచాయతీ చెత్తబండికి ఇస్తా. మీరమ్మే డబ్బా మీదే రాసుంది కదండీ. చదవరా?"

"నీకెందుకీ తిప్పలు?"

"మా ఆడపడుచు కొడుకు ఎడ్విన్ కాలవలో కొట్టుకొచ్చిన డబ్బా కడుక్కుని, పొలానికి మంచినీళ్లు పట్టుకెళ్లాడు. వారం రోజులు ఆసుపత్రిలో పడున్నాడు. వానొస్తే గట్టు మీదవన్నీ మునేట్లోకేగా."

అయినా చంద్రమౌళికి అనుమానం తీరలేదు. "అన్నిటికీ పొడుస్తావా? మంచిది చూసి ఒకటీ అరా పక్కన పెట్టవూ?"

జయమణికి ఒళ్లు మండింది. అతని సంచిలోంచి డబ్బా లాక్కుని తలకిందులు చేసి, చూరులో దోపిన దబ్బనం తీసి అడుగున ఆనించింది. "ఇదిగో, మీ ఎదటే పొడుస్తా. చూసి పోండి."

"ఆగాగు!"

డబ్బా అడుగున వెలిసిపోయిన ఎర్ర ఇంటూ మార్కు. గడువు తీరిన సరుకు పొరపాటున అమ్మకుండా చంద్రమౌళి తన చేత్తో పెట్టుకునే గుర్తు. కిందటి వేసవిలో అలాంటివి రెండు పెట్టెలు కొట్టు వెనక మురుగుకాలవలో ఒంపి, ఖాళీలను పాత సామాన్లవాడికి వేశాడు. మూతలతో, లేబుళ్లతో, కొట్టు స్టిక్కర్లతో సహా. పీడా విరగడైందనుకున్నాడు.

మూడు పోట్లు ఆ గుర్తు మీద పడితే ఆనవాలుండదు. నేరమంతా బండివాడి మీదకి పోతుంది. కావాలంటే ఈమె మీదకీ పోతుంది.

"పొడవనా, వద్దా?" అంది జయమణి, కళ్లు చిన్నవి చేసి.

"వద్దు. వీరరాఘవయ్యకి చూపించాలి."

"ఏమని?"

"డబ్బా నా కొట్లోంచే పోయిందని. బొక్క పెట్టకుండా పాత సామాన్లవాడికి నేనే వేశానని."

ఆ మాట జయమణి నమ్మలేదు. అతన్ని కిందా మీదా చూసి, డబ్బాను కొంగులో చుట్టి చంకన పెట్టుకుంది.

"ఇలా తే" అన్నాడు.

"దారిలో వంతెన ఉందండీ. చెయ్యి జారిందంటారు."

"అంత నమ్మకం లేదా నా మీద?"

"మూడేళ్లుగా మీరమ్మిన డబ్బాలు ఏరతన్నా. ఎట్టా ఉంటది?" అంటూ వెళ్లి ఆటోలో అతని కంటే ముందు కూర్చుంది. "పదండి. మీరు ఆయనకి చెప్పేదాకా ఇది నా దగ్గరే ఉంటది."