కంటి కింద రంగు

కారుతోంది, ఎడమ కంటి కింద నుంచి సన్నగా, మట్టిరంగులో, చెంప మీదికి దిగుతోంది, ఎవరైనా చూశారంటే అయిపోయింది, హీరోగారి సంగతి ఎటైనా పోనీ, మా తమ్ముడి సంగతి అయిపోయింది, ఇంకొంచెం పౌడరు అద్ది ఉండాల్సింది, ఇరవై ఏళ్లుగా ఆ మొహానికి మేకప్ వేస్తున్నదాన్ని, ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయాను, ఏసీ గదిలో వేశాను, ఏసీ అంబులెన్సులో తీసుకొచ్చారు, ఈ కోర్టు హాల్లో ఫ్యాను తిరుగుతోందో ఆలోచిస్తోందో తెలియదు, పైగా షూటింగ్ లైట్లకు అలవాటైన చెయ్యి, పగటి వెలుతురుకి అందులో సగం చాలునని తెలిసీ దట్టంగా పూసింది, ఆయన బోనులో రెయిలింగు పట్టుకుని దగ్గుతున్నాడు, దగ్గు మాత్రం బాగా కుదిరింది, సినిమాల్లో ఎన్నడూ ఇంత బాగా దగ్గలేదు.

పొద్దున్నే మేనేజరు ఫోను, అక్కా, సార్ బెయిలు ఇవాళే, కాస్త నీరసంగా కనబడాలి, నువ్వయితే సహజంగా చేస్తావు, అరెస్టయిన రోజు నుంచీ సార్ జైలు మొహం చూస్తేగా, పెద్దాసుపత్రి పై అంతస్తులో సోఫాలున్న గది, గుమ్మం దగ్గర కానిస్టేబులు నా మేకప్ పెట్టె చూసి లోపలికి వెళ్లండమ్మా అన్నాడు, రోగి గదికి మేకప్ పెట్టె ఎందుకని అడగలేదు, హీరోగారు సుబ్బరంగా టిఫిన్ తిని మూతి తుడుచుకుంటున్నారు, నున్నగా మెరుస్తున్నారు, కారు ఆలస్యంగా తెచ్చాడని సొంత డ్రైవర్ని ఇనప రాడ్డుతో కొట్టిన చెయ్యి అదే, ఆ చేత్తోనే అద్దం పట్టుకుని ఇంకాస్త నలుపు వెయ్యి అంటున్నారు, ఆ డ్రైవరుకి ఇంకా పూర్తిగా తెలివి రాలేదట, షూటింగ్ పొద్దుపోయిన రోజుల్లో నన్ను ఇంటిదాకా దింపి, నువ్వు లోపలికి వెళ్లి లైటు వెయ్యక్కా, అప్పుడు కదుల్తాను అనేవాడు, వాడు గుర్తొస్తూనే ఉన్నాడు, నేను పూస్తూనే ఉన్నాను, ఛీ, ఎందుకంటే మేనేజరు మాటిచ్చాడు, సార్ పని అవగానే మన లాయరుగారే మీ తమ్ముడికీ నిలబడతారక్కా, అదే కోర్టు, అదే రోజు, అని, తమ్ముడిదీ కొట్లాట కేసే, లిఫ్టులు బాగుచేస్తాడు, ఒక అపార్టుమెంటు సెక్రటరీ మా అమ్మని నోటికొచ్చినట్టు తిడితే తోశాడు, ఆయన మెట్ల మీద పడి కాలు విరిగింది, ఎండాకాలంలో లోపలికి వెళ్లినవాడు వానలు పడుతున్నా అక్కడే ఉన్నాడు, పైగా కామెర్లు, మేనేజరుకి అది చెబితే మొహం వెలిగింది, ఐడియా బాగుందక్కా, సార్ కళ్లలోనూ కాస్త పసుపు తెప్పించకూడదూ అన్నాడు, కళ్లలోకి రంగు ఎక్కదు బాబూ, అది రోగం వస్తేనే వస్తుంది అన్నాను, ఆ మాటంటూ కూడా బ్రష్షు కింద పెట్టలేదు.

తుడుచుకోకు, తుడుచుకోకు మహానుభావా, తుడిచేశాడు, తెల్ల రుమాలంతా మట్టిరంగు, ఒక కంటి కింద పది రోజుల జబ్బు, రెండో కంటి కింద పెళ్లికొడుకు కళ, ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు, లాయరుగారు ఒక్క క్షణం ఆగి, నా కక్షిదారు ఆరోగ్యం రోజురోజుకీ క్షీణిస్తోందండి అని మళ్లీ అందుకున్నారు, జడ్జిగారు తలెత్తారు, రుమాలు చూశారు, మొహం చూశారు, బాగా చూశారు, ఇప్పుడు అడుగుతారు, ఎవరు వేశారిది అంటారు, ఆయన కళ్లజోడు సర్దుకుని, ఆ ఫ్యాను సంగతి చూడండి, ఆయనకో కుర్చీ వెయ్యండి అన్నారు, ప్రభుత్వ లాయరు సగం లేచి, మాకేం అభ్యంతరం లేదండి అని లేచినంత నెమ్మదిగానే కూర్చున్నాడు, అనారోగ్య కారణాల మీద బెయిలు మంజూరు, అమ్మయ్య అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, ఆ వెంటనే తట్టింది, వాళ్లకి తెలిసిపోయింది కదా, అందరికీ తెలిసిపోయింది, తెలిసి కుర్చీ వేశారు.

లాయరుగారూ, మా తమ్ముడు, అంటూ లేచాను, ఆయన మళ్లీ చూద్దామమ్మా అని చేత్తోనే చెప్పి అంబులెన్సు వైపు పరిగెత్తాడు, మేనేజరు నన్ను చూసి కూడా చూడనట్టు ఫోను చెవికి పెట్టుకున్నాడు, హాలు సగం హీరోగారి వెనకే ఖాళీ అయింది, తమ్ముణ్ణి తెచ్చిన ఇద్దరు పోలీసుల్లో ఒకడు వీణ్ణి రెండోవాడికి అప్పగించి హీరోని చూడ్డానికి కిటికీ దగ్గరికి పోయాడు, బోనులో నా తమ్ముడు, చొక్కా హ్యాంగరుకి వేసినట్టు వేలాడుతోంది, కళ్లు పచ్చగా, నేను పదహారు రంగులు కలిపినా రాని పచ్చ, లాయరెవరు అన్నారు జడ్జిగారు కాగితాల్లోకి చూస్తూ, ఎవరూ పలకలేదు, డాక్టరు రిపోర్టేదీ, జైలు నుంచి ఇంకా రాలేదండి, అయితే వాయిదా, ఒక్కసారి వాడి కళ్లు చూడండి సార్ అన్నాను, గట్టిగానే అన్నాను, అమ్మా, కూర్చో, మాట్లాడకూడదు అన్నాడు బంట్రోతు, జడ్జిగారు తలెత్తలేదు, ఫ్యాను మాత్రం అప్పుడు తిరగడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర వాణ్ణి అరనిమిషం ఆపారు, అక్కా, ఇందాక వెనక బెంచీ మీంచి చూశాను, ఆయన మొహం మీద అది నీ చెయ్యే కదూ, అన్నాడు, అవతలి కంటి కింద బాగా కుదిరింది, ఇవతలిదే కారిపోయింది, అని నవ్వాడు, వెక్కిరింతేం లేదు, చిన్నప్పుడు నేను గీసిన మొదటి బొమ్మ చూసి నవ్వినట్టే నవ్వాడు, ఏడవకక్కా, అమ్మకి నేను బాగున్నానని చెప్పు అన్నాడు, తీసుకుపోయారు, చేతులు వాసన చూసుకున్నాను, ఇంకా ఆ క్రీము వాసనే, రోత, కుళాయి దగ్గర నుంచుని రుద్దుతున్నాను, గోళ్ల సందుల్లోంచి మట్టిరంగు దిగుతోంది, జబ్బు కనబడితే జాలిపడతారని కదూ ఆ మొహాన అంత దట్టంగా పూసింది, నిజం జబ్బు కనబడితే తమ్ముణ్ణి వదిలేస్తారని కదూ ఇక్కడ కూర్చుంది, వాళ్లు చూసింది జబ్బుని కాదు, మనిషెవరో చూశారు, పొద్దున్నుంచి నేను వేసిన రంగు ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఆ హాల్లో మోసపోయింది నేనొక్కదాన్నే.